బంగారు అక్షరాల పియానో, మా 14,000 రూపాయలు



పోయిన ఏడాది ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం స్టేజీ మీద మా పాట మధ్యలో ఆగిపోయిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. దాని కింద నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. పర్లేదు, మేమే అయితే మేమూ నవ్వేవాళ్లమేమో. ఈ ఏడాది మళ్లీ కీబోర్డు కొన్నాం. ఈసారి డబ్బు ఉద్యోగాలు చేస్తున్న సీనియర్ అన్నలు, అక్కలు వేసింది. మొత్తం 14,000. అందుకని లెక్క చెప్పాలి. లెక్క మాత్రమే చెప్తే నాలుగు లైన్లలో అయిపోతుంది గానీ, ఆ డబ్బుతో మేం కొంచెంలో ఒక పెద్ద తప్పు చేసి తప్పించుకున్నాం. అది కూడా చెప్పాలి కదా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేం తొమ్మిది మందిమి. ఆరుగురు అబ్బాయిలం విశాఖపట్నంలో ఒకే హాస్టల్. ముగ్గురు అమ్మాయిలు పక్క వీధి గర్ల్స్ హాస్టల్. పాడేరు, హుకుంపేట, ముంచంగిపుట్టు, అరకు వైపు ఊళ్లు మావి. మాలో కువి మాట్లాడేవాళ్లం ఉన్నాం, కుపియా వాళ్లం ఉన్నాం, ఆదివాసీ ఒరియా వాళ్లం ఉన్నాం. ఒకళ్ల పాట ఇంకొకళ్లకి సగం అర్థమవుతుంది, సగం ఊహ. ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది అందరిలోనూ మేమే మొదలు.

పోయినేడాది సంగతి ముందు. మాలో ఒకడు చిన్నప్పుడు ఊళ్లో చర్చిలో కీబోర్డు వాయించడం నేర్చుకున్నాడు. నోటేషన్ రాదు, చెవితోనే. ఒకసారి వింటే చాలు, పాట వేళ్లలోకి వచ్చేస్తుంది. వాడి కోసమే కీబోర్డు కొందామనుకున్నాం. చందాలు వేసుకుంటే 5,200 పోగయ్యాయి. అందులో 1,500 వాడివే. కాఫీ పండ్ల కోతకి వెళ్లి తెచ్చుకున్న కూలి డబ్బు. దుకాణానికి వెళ్లాం. అద్దాల వెనక వరసగా పెట్టి ఉన్నాయి. అందులో ఒక దాని మీద ఏదో విదేశీ పేరు వెండి అక్షరాల్లో మెరుస్తోంది. డబ్బా మీద 'ప్రొఫెషనల్' అని రాసుంది, రాక్‌స్టార్ బొమ్మ ఉంది. 61 కీలు. 300 టోన్లు, 300 రిథమ్‌లు. అమ్మే అతను "ఇంపోర్టెడ్, తమ్ముడూ" అన్నాడు. మేం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. డబ్బా విప్పించలేదు. ప్లగ్గు పెట్టి చూపించమని కూడా అడగలేదు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, డబ్బాని ఇద్దరు పట్టుకుని సిటీ బస్సెక్కేశాం. ఎంత సంతోషంగా ఉన్నామో, బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకోవడానికి కూడా వంతులు వేసుకున్నాం.

హాస్టల్‌కి వచ్చాక తెలిసింది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే మోత. మూడు కీలు కలిపి నొక్కితే కొన్ని చోట్ల రెండే పలుకుతాయి. అడాప్టర్ పావుగంటకే చెయ్యి కాలేంత వేడి. మావాడు ఏం అనలేదు. "పర్లేదురా, అలవాటైపోద్ది" అన్నాడు. పలకని చోట్లు గుర్తుపెట్టుకుని వాటిని దాటుకుంటూ పది రోజులు ప్రాక్టీసు చేశాడు. స్టేజీ మీద రెండో చరణంలో మొత్తం ఆగిపోయింది. అమ్మాయిలు చప్పట్లు కొడుతూ పాట పూర్తి చేశారు. వాడు స్టేజీ దిగి వెళ్లిపోయాడు. మర్నాడు దుకాణానికి వెళ్తే "వాటర్ పడినట్టుంది" అన్నారు, వారంటీ లేదన్నారు. ఆ కంపెనీ పేరుతో ఎక్కడా సర్వీస్ సెంటర్ లేదు. అసలు కంపెనీయే ఎక్కడుందో డబ్బా మీద లేదు.

ఆ తర్వాత తొమ్మిది నెలలు వాడు ఏ కీబోర్డూ ముట్టుకోలేదు. అడిగితే "నాకు రాదురా, ఊరికే అనుకున్నాం" అనేవాడు. పాడైంది డబ్బా. కానీ వాడు తనకే రాదని నమ్మేశాడు. మమ్మల్ని బాధపెట్టింది 5,200 కంటే అదే.

ఈ వేసవిలో సీనియర్ అన్న ఒకాయన ఫోన్ చేసి 14,000 పోగుచేశామని చెప్పాడు. "ఈసారి తొందరపడకండి, బ్రాండ్ చూసి కొనండి" అన్నాడు. అక్కడే చిక్కొచ్చింది. బ్రాండ్ చూడడం అంటే ఏం చూడాలి? పోయినసారి చూసింది కూడా బ్రాండే అనుకున్నాం మేం.

అప్పుడే పియానో మా దారిలోకి వచ్చింది. నిజం పియానో. మాలో ఒకమ్మాయి ట్యూషన్ చెప్పే ఇంటివాళ్ల బంధువులు పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారు. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో పెంకుటిల్లు. హాల్లో గోడకి ఆనించి నల్లటి పియానో. 18,000 చెప్పారు, మా సంగతి విని 12,000కి ఇస్తామన్నారు. ఆరుగురం వెళ్లి చూశాం. ఏం చెప్పాలి! నల్లటి చెక్క అద్దంలా ఉంది. ముందు రెండు వైపులా ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు. మూత ఎత్తితే లోపల బంగారు అక్షరాలతో జర్మన్ పేరు, దాని కింద బెర్లిన్ అని. కీలు కొంచెం పసుపు తిరిగి ఉన్నాయి. ఒకటి నొక్కితే ఇల్లంతా నిండింది. ఆ ఇంటి పెద్దావిడ "మా మామగారి కాలం నాటిది బాబూ, జర్మనీది" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడకి తెలిసింది అదే.

తిరిగొచ్చాక రాత్రి పన్నెండు దాకా నిద్రపోలేదు. 12,000కి జర్మనీ పియానో! కరెంటు అక్కర్లేదు, అడాప్టర్ కాలిపోయే గొడవ లేదు. హాస్టల్లో పెడదాం, చదువులైపోయాక ఊరికి తీసుకెళ్లి కమ్యూనిటీ హాల్లో పెడదాం అని ప్లాన్లు వేసేశాం. రెండో అంతస్తుకి ఎలా ఎక్కించాలి, ఘాట్ రోడ్డు మీద ఎలా తీసుకెళ్లాలి అన్నది ఒక్కడికీ తట్టలేదు. వార్డెన్ సార్‌ని అడిగితే "ముందు మంచాలకి చోటు చూపించండ్రా" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది గానీ ఆయన అన్నది తప్పేం కాదు.

డబ్బు ఇచ్చేసేవాళ్లమే. అమ్మాయిల్లో ఒకరు మాత్రం "పోయినసారి కూడా ఇలాగే మెరిసే అక్షరాలు చూసే కదా కొన్నాం" అంది. అందరం గమ్మునైపోయాం. మావాడు వాయించిన చర్చిలో పాస్టర్ గారి ద్వారా పియానోలు ట్యూన్ చేసే మాస్టారు ఒకాయన ఫోన్ నంబరు దొరికింది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. స్కూటర్ మీద వస్తానన్నారు. ఫీజెంత అంటే "పెట్రోలు పోయించండి చాలు" అన్నారు.

ఆ గంటన్నరలో మాస్టారు చూపించిందే ఈ పోస్టులో అసలు విషయం.

ఆయన ముందు పేరు చూడలేదు. కూర్చుని వాయించలేదు కూడా. పై మూత తీశారు, ముందు పలక ఊడదీసి గోడకి ఆనించారు. లోపల చూసి మేం బిత్తరపోయాం. బయట అద్దంలా ఉన్నదానికి లోపల తీగలన్నీ తుప్పు. "సముద్రపు గాలి" అన్నారు. పియానోకి 88 కీలు, తీగలు దాదాపు 230. అన్ని తీగలూ కలిసి లాగే బలం 18 నుంచి 20 టన్నులు ఉంటుందట. అంత లాగుడు తట్టుకోవడానికే లోపల పోత ఇనుప చట్రం ఉంటుంది, అందుకే పియానో అంత బరువు. ఈ నిలువు పియానోయే 200 కిలోలు దాటుతుందన్నారు. (మేం దాన్ని మెట్ల మీద ఊహించుకున్నాం.)

తీగ చివర చుట్టి ఉండే మేకుల్లాంటి పిన్నులు చూపించారు. అవి దిగి ఉండేది గట్టి చెక్క దిమ్మలో. ఆ చెక్క పట్టు వదిలేస్తే ఎన్నిసార్లు శ్రుతి చేసినా వారానికే జారిపోతుంది. తన దగ్గరున్న పిడి పెట్టి ఒక పిన్ను తిప్పారు. వెన్నలో స్పూను తిరిగినట్టు తిరిగింది. "చూశారా, బిగువు లేదు" అన్నారు. ఇంకో పది పిన్నులు చూస్తే ఆరు అంతే. తీగల్ని కొట్టే సుత్తులకి ఉన్ని ఒత్తు ఉంటుంది. అందులో తీగల గాట్లు లోతుగా దిగిపోయాయి, కొన్నిటిని పురుగు తినేసింది. తీగల ముందు సన్నటి కంబీలు వరసగా ఉన్నాయి, వాటిని చూసి ఆయన నవ్వారు. పాత రకం అట, ట్యూనర్లు 'పక్షి పంజరం' అంటారట. తీగ మోగడాన్ని ఆపే ఏర్పాటు సుత్తుల పైన ఉంటుంది, సరిగ్గా ఆపదు, ట్యూనింగ్ చేయాలన్నా చెయ్యి దూరదు. ఫోనులో ట్యూనర్ యాప్ తెరిచి మధ్యలో ఉండే 'ఎ' కీ నొక్కమన్నారు. 440 చూపించాలి. దాదాపు ఒక స్వరం కిందకి జారిపోయి ఉంది. బిగించి పైకి తేవచ్చు కదా అని అడిగాం. తుప్పు పట్టిన తీగలు, బిగిస్తే తెగుతాయన్నారు.

అప్పుడు పేరు దగ్గరకొచ్చారు. లోపల ఇనుప చట్రం మీద ఒక నంబరు ఉంటుంది, దాన్ని బట్టి మంచి కంపెనీవైతే ఏ సంవత్సరం తయారైందో చెప్పొచ్చు. పెద్ద కంపెనీలు ఆ లెక్కలు పుస్తకాలుగా పెట్టుకున్నాయి. ఈ పేరు మాత్రం ఏ లెక్కలోనూ దొరకలేదు. ఒకప్పుడు ఫ్యాక్టరీలు పేరు లేకుండా పియానోలు చేసి ఇచ్చేవట. అమ్మే దుకాణం వాళ్లు తమకి నచ్చిన పేరు వేసుకునేవాళ్లు. జర్మన్ పేరైతే ధర పలుకుతుంది కాబట్టి జర్మన్ పేర్లు ఎక్కువ. వాటిని 'స్టెన్సిల్ పియానో' అంటారు. బంగారు అక్షరాలు ఎవరైనా అతికించుకోవచ్చు.

"మరి జర్మనీ అంటే మంచివే కదండీ?" అన్నాం. మంచివే అన్నారు. బెర్లిన్‌లో బెక్‌స్టైన్, లైప్‌జిగ్‌లో బ్లూట్నర్, జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన కుటుంబం న్యూయార్క్‌లో పెట్టిన స్టైన్‌వే, మూడూ మొదలైంది ఒకే సంవత్సరం, 1853లో. వాళ్ల పేరు చూసి మిగతావాళ్లు దగ్గర దగ్గరగా వినిపించే పేర్లు పెట్టుకున్నారు. ఇప్పుడైతే ఇంకో రకం ఉందట. పాత జర్మన్ పేరునే కొనేస్తారు. రిట్‌ముల్లర్ అనేది జర్మనీలో 1795 నాటి పేరు, ఇప్పుడది చైనాలోని పెర్ల్ రివర్ కంపెనీ చేతిలో ఉంది. అవి చెడ్డవని కాదు, బాగానే ఉంటాయన్నారు మాస్టారు. "కానీ 1795 చూసి డబ్బు ఇవ్వకూడదు. ఇవాళ ఎవడు చేశాడో, చెక్క ఏంటో చూసి ఇవ్వాలి." శబ్దం పుట్టేది వెనక ఉండే సౌండ్‌బోర్డు అనే పలచటి చెక్క పలక నుంచి. మంచిదాంట్లో అది అచ్చంగా స్ప్రూస్ చెట్టు చెక్కే ఉంటుంది, చవకవాటిలో ప్లైవుడ్‌లా పొరలు అతికిస్తారు.

జపాన్ వాళ్ల గురించి ఆయన చెప్పిన కథ మాత్రం మేం మర్చిపోలేం. యమహా అంటే మాకు బైకే. మా ఊళ్లలో ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాడే హీరో. ఆ బండి మీదుండే గుర్తు ఏంటో ఎప్పుడైనా చూశారా? మూడు ట్యూనింగ్ ఫోర్కులు. శ్రుతి చూసుకునే ఫోర్కులు! బైకు కంపెనీ 1955లో వచ్చింది, సంగీతం కంపెనీ మొదలైంది 1887లో. తోరకుసు యమహా అనే ఆయన గడియారాలు, వైద్య పరికరాలు బాగుచేసే మనిషి. హమమత్సు అనే ఊరి బడిలో పాడైన ఆర్గాన్ బాగుచెయ్యమని పిలిచారు. బాగుచేశాక, ఇలాంటిది మనమే చేయొచ్చు కదా అనుకున్నాడు. తోటి పనివాడితో కలిసి సొంతంగా ఒకటి చేశాడు. దాన్ని కావడికి కట్టుకుని ఇద్దరూ భుజాల మీద మోసుకుంటూ, హకోనే కొండలు దాటి, సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న టోక్యోకి తీసుకెళ్లారు, సంగీత కళాశాలవాళ్లకి చూపించడానికి. వాళ్లు చూసి శ్రుతి సరిగా లేదన్నారు. ఆయన అక్కడే ఒక నెల రోజులు ఉండి సంగీత శాస్త్రం నేర్చుకుని, వెనక్కి వెళ్లి ఇంకోటి చేశాడు. అది బాగుందన్నారు.

కావడి. కొండలు. ఆ మాట వినగానే మాలో ఇద్దరం ఒకేసారి నవ్వాం. మాకు కావడి గురించి ఇంకొకళ్లు చెప్పాలా? మా ఊరి నుంచి రోడ్డు దాకా పసుపు బస్తాలు వచ్చేది దాని మీదే. డోలీలో మనుషుల్నే మోస్తున్నాం. మాస్టారికి ఎందుకు నవ్వామో అర్థం కాలేదు. చెప్పాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వెళ్లేముందు ఆయన పెద్దావిడతో కూడా మర్యాదగానే చెప్పారు: "అమ్మా, దీన్ని పూర్తిగా బాగుచేయాలంటే మీరు చెప్పిన ధరకి నాలుగింతలవుతుంది. ఈ పిల్లలకి వద్దు." ఆవిడ బాధపడ్డారు, కానీ కోప్పడలేదు. మాకు టీ ఇచ్చి పంపారు. ఇత్తడి స్టాండ్లు మాత్రం ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి.

బయట స్కూటర్ దగ్గర ఆయన ఒక మాట అడిగారు. "పోయినసారి కొన్నప్పుడు విప్పి చూడలేదా?" లేదండీ అన్నాం. "ఎందుకు?" దానికి మా దగ్గర జవాబు లేదు. రాత్రి హాస్టల్లో దాని మీదే మాట్లాడుకున్నాం.

మన సంతలు గుర్తుచేసుకోండి. షావుకారు మన మిరియాల బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెడతాడు. అరచేతిలో నలిపి ఊది చూస్తాడు. పసుపు కొమ్ముని టక్కున విరిచి లోపల రంగు చూస్తాడు. కాఫీ గింజ నోట్లో వేసుకుని కొరుకుతాడు, తేమ ఉందంటాడు, రాళ్లున్నాయంటాడు, కిలోకి ఇంత తగ్గిస్తాడు. మనం నిలబడి చూస్తాం. అతను మన సరుకుని చూసినట్టు మనం ఎప్పుడైనా అతని సరుకుని చూశామా? మా అమ్మలు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చప్పుడు వింటారు. డప్పు చర్మాన్ని మంట దగ్గర కాచి, అంచు నుంచి మధ్యకి కొట్టుకుంటూ వచ్చి, ఇక్కడ వదులుగా ఉంది అని చెప్పే పెద్దవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. అదే మనం అద్దాల దుకాణంలోకి వెళ్తే చేతులు వెనక్కి కట్టుకుంటాం. ముట్టుకుంటే ఏమంటారో, అడిగితే "నీకేం తెలుసు" అంటారేమో అని. (కాలేజీలో చేరేటప్పుడు కూడా బోర్డు మీద పేరు చూసే చేరాం, ల్యాబ్ ఉందా అని అడగలేదు. అది ఇంకో పోస్టు.)

సరే, ఈసారి పద్ధతి మార్చాం. మాస్టారు ఫోనులో చెప్పినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాం. వాటితో మూడు దుకాణాలు తిరిగాం. కొనడానికి కాదు, చెవికి అలవాటు చేసుకోవడానికి. మొదటి దుకాణంలో "బడ్జెట్ ఎంత?" అని అడిగి, చెప్పాక ముట్టుకోవద్దన్నారు. బయటికొచ్చేశాం. రెండో దాంట్లో మా వయసు కుర్రాడు ఉన్నాడు, పాపం అన్నిటికీ ప్లగ్గు పెట్టి చూపించాడు. అక్కడే ఎక్కువ నేర్చుకున్నాం.

పెద్ద కంపెనీ పేరుంటే చాలు అనుకోకండి. పెద్ద కంపెనీల్లో కూడా బాగా చవక మోడళ్లలో కొన్నిటికి టచ్ ఉండదు, అంటే మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకడం ఉండదు. అది లేకపోతే పాటకి ప్రాణం ఉండదని మావాడే అంటాడు. టోన్లు 300, 600 అన్నది లెక్కలోకి తీసుకోకండి, మీరు వాడేది పదో పన్నెండో. కీలు పిల్లల బొమ్మ సైజులో ఉన్నాయేమో చూడండి. మా బీఎస్సీ అమ్మాయి దుకాణంలో జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసింది. ఏడు తెల్ల కీలు కలిపి పదహారున్నర సెంటీమీటర్లు ఉండాలి, అదే పియానో సైజు. స్కేలు చూసి సేల్స్ అతను ఎక్కడి నుంచి వచ్చారమ్మా అన్నాడు. "హుకుంపేట" అంది, మామూలుగా. మూడు, నాలుగు కీలు కలిపి నొక్కి అన్నీ పలుకుతున్నాయా వినాలి. రెండు చేతులా పది వేళ్లూ పెట్టి, పెడల్ కూడా తొక్కితే ముందు నొక్కిన స్వరాలు తెగిపోతున్నాయా చూడాలి. ఒకేసారి ఎన్ని స్వరాలు మోయగలదో దాన్ని పాలిఫొనీ అంటారు, పుస్తకంలో రాసుంటుంది. అడాప్టర్ కంపెనీదేనా, ఎన్ని వోల్టులు, ప్లస్ లోపలా బయటా అన్నది కింద చిన్న బొమ్మగా ఉంటుంది. అది తప్పితే కొత్తది కూడా కాలిపోతుంది.

మాకర్థమైనంతవరకు బ్రాండ్ విలువ ఇంతే: పాడైతే బాగుచేసేవాడు మన ఊరికి దగ్గర్లో ఉన్నాడా, లోపలి రబ్బరు పట్టీ విడిగా దొరుకుతుందా, దుకాణంలో విన్న ముక్కే ఇంటికొచ్చే ముక్కా. ఈ మూడూ పోయినేడాది డబ్బా పేరుకి లేవు.

మా 14,000కి టచ్ ఉన్న కొత్తది, స్టాండు, బ్యాగు అన్నీ కలిపి రావడం కష్టమని తెలిసింది. పాతవి చూడమన్నారు మాస్టారు. గాజువాక వైపు ఒకాయన అమ్ముతున్నారని తెలిసింది. కూతురికి కొన్నారట, పెళ్లయి వెళ్లిపోయింది. 9,500 అన్నారు. ఇక్కడే మావాడిని తీసుకెళ్లాలి. వాడు రానన్నాడు. "మీరే చూసుకోండి, నోట్‌బుక్ ఉంది కదా." ఒక సాయంత్రం అంతా బతిమాలాం. చివరికి మాలో ఒకడు "నువ్వు రాకపోతే అన్న వాళ్ల డబ్బులు అన్నకే పంపేస్తాం" అన్నాడు. అప్పుడొచ్చాడు, మొహం ముడుచుకుని.

ఆ ఇంట్లో ఆయన మంచినీళ్లు ఇచ్చి, కీబోర్డు టీపాయ్ మీద పెట్టి, "చూడండి బాబూ" అని పక్కన కూర్చున్నారు. మావాడు ఐదు నిమిషాలు దాన్ని ముట్టుకోలేదు. మేం బ్యాటరీల అర తెరిచి తుప్పు ఉందా చూశాం, హెడ్‌ఫోన్ పెట్టి చూశాం, వాల్యూమ్ తిప్పితే గరగర వస్తోందా విన్నాం. తర్వాత వాడు మెల్లగా నేలమీద కూర్చుని, ఎడమ చివరి కీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ నొక్కడం మొదలుపెట్టాడు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. 61 కీలు, 122 సార్లు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మధ్యలో ఒకచోట ఆగాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ. తల ఎత్తకుండానే అన్నాడు, "అంకుల్ గారూ, ఈ ఎఫ్ మెల్లగా నొక్కితే పలకట్లేదండి. గట్టిగా నొక్కితే మిగతావాటి కన్నా ఎక్కువ పలుకుతోంది. లోపల రబ్బరు అరిగిపోయింది."

అన్నలారా, అక్కలారా, అమ్మేవాడి ముందు మాలో ఎవరైనా సరుకు తప్పు చెప్పడం మేం చూడడం అదే మొదటిసారి. పోయినేడాది పలకని కీలని దాటుకుంటూ వాయించినవాడే ఈ మాట అన్నాడు.

ఆయన కూడా వంగి నొక్కి చూశారు. "నిజమేనయ్యా, మా అమ్మాయి ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు. 8,700కి ఇచ్చారు. ఆ తర్వాత వాడు ఊరికే అలా కూర్చుని, మా పోయినేడాది పాట, ఆగిపోయిన రెండో చరణం దగ్గర నుంచి మొదలుపెట్టి చివరి దాకా వాయించాడు. ఎఫ్ వచ్చినచోటల్లా కొంచెం గట్టిగా నొక్కుతూ. లోపల్నుంచి ఆంటీ గారు వచ్చి ఇది ఏ సినిమాలోది అని అడిగారు.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మళ్లీ అందరూ పేరే చూస్తారు.

మా ఊరి పెద్దాయన ఒకరు "డప్పు, తుడుం, మోరి ఉండగా ఈ డబ్బా ఎందుకురా" అన్నారు, ఆ మాట గ్రూపులో కూడా కొంతమంది అన్నారు. కొట్టిపారేసే మాట కాదది. మోరి పలికే కొన్ని స్వరాలు ఈ కీల మధ్య సందులో పడిపోతాయి, నల్ల కీలోనూ ఉండవు, తెల్ల కీలోనూ ఉండవు. ధింసాకి డప్పే కావాలి, దాన్ని మార్చే ఉద్దేశం మాకు లేదు. మా అమ్మాయిలు రాసుకున్న కొత్త పాటలకి మాత్రం ఇది కావాలి. పిచ్ బెండ్ అని పక్కన ఒక చక్రం ఉంది, దాంతో ఆ సందులోకి వెళ్లొచ్చేమో మావాడు ప్రయత్నిస్తున్నాడు. ఇంకా కుదరలేదు.

లెక్క: కీబోర్డు 8,700. అడాప్టర్ 450. స్టాండు 900. బ్యాగు 700. మాస్టారి పెట్రోలు 200. బస్సు చార్జీలు 380. మొత్తం 11,330. మిగిలింది 2,670, గర్ల్స్ హాస్టల్‌లో మా ట్రెజరర్ దగ్గర ఉంది. అందులోంచి మావాడి 1,500 వాడికి ఇచ్చేద్దామని అందరం అనుకున్నాం, సీనియర్లు కూడా సరేనన్నారు. వాడే తీసుకోవట్లేదు. రబ్బరు పట్టీ కొనమంటున్నాడు. పట్టీ ఆర్డరు పెట్టాం, ఇంకా రాలేదు. వాన పడిన రోజు ఎఫ్ ఇప్పటికీ మొండికేస్తోంది.

కొనే ఆలోచన ఉన్నవాళ్లు మా నోట్‌బుక్ పేజీల ఫొటోలు అడగండి, పంపుతాం. వైజాగ్‌లో ఉన్నవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత హాస్టల్‌కి వస్తే ముట్టుకుని, నొక్కి చూడొచ్చు. స్కేలు కూడా ఇక్కడే ఉంది.